ఎవరి పక్కన కూర్చుని తిన్నావు నాయనా?

ఆదివారం పొద్దున గూడూరు బస్టాండులో ఓ అరగంట నిలబడితే చాలు, హాస్టల్లో ఉన్న కొడుకును చూడబోయేవాళ్ళెవరో ఇట్టే తెలిసిపోతుంది. చేతిలో క్యారియరు. భుజాన గుడ్డసంచి. అందులో మురుకుల డబ్బా, కొబ్బరినూనె సీసా, రెండు సబ్బులు. రాపూరు వైపు నుంచి ఒకరు వస్తారు, కోట, వాకాడు వైపు నుంచి మరొకరు. నిమ్మతోటల్లో కాయకోతకు పోయేవాళ్ళు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ళు. ఆ పూట కూలి వదులుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ.

బడి గేటు దాటి చెట్టు కింద కూర్చుంటారు. పిల్లవాడు పరుగున వస్తాడు.

"అన్నం తిన్నావా నాయనా?"

"ఊఁ."

"ఒంట్లో బాగుందా?"

"ఊఁ."

"బాగా చదువుతున్నావా?"

"ఊఁ."

అంతే, మాటలు అయిపోతాయి. వాడు క్యారియరు ఖాళీ చేస్తుంటే అమ్మ చూస్తూ కూర్చుంటుంది. నాయన తిరుగు బస్సు ఎన్నింటికో లెక్కేసుకుంటుంటాడు. ఇద్దరికీ వాడంటే ప్రాణమే. కానీ ఆ గోడ లోపల వాడి రోజు ఎలా గడుస్తుందో తెలియదు. తెలియనప్పుడు అడగడానికి ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మగపిల్లల వసతి బడి లోపల ఏం జరుగుతుందో, అందులో ఇంటివాళ్ళ వంతు ఏమిటో విప్పి చెప్పుకుంటే ఆ మూడు "ఊఁ"ల తర్వాత నాలుగో మాట పుడుతుంది.

ఏ బడి, ఎవరి పూచీ

మనం "హాస్టలు" అనే ఒక్క మాట కింద నాలుగైదు రకాల చోట్లను కలిపేస్తుంటాం. ముందు వాటిని విడదీసుకోవాలి. ఏ సంగతి ఎవరిని అడగాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

సంక్షేమ హాస్టల్లో పిల్లవాడికి తిండీ పడకా మాత్రమే ఉంటాయి. చదువు ఊళ్ళోని ప్రభుత్వ బడిలో. అంటే వాడికి ఇద్దరు పెద్దలు. చదువుకు హెడ్‌మాస్టరు, మిగతా వాటికి వార్డెను. కాగితాల్లో వార్డెనును హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ అంటారు. చిక్కంతా ఈ ఇద్దరి మధ్య ఉన్న దారిలోనే ఉంది. పొద్దున హాస్టలు నుంచి బయల్దేరిన పిల్లవాడు బడికి చేరకపోతే, బడిలో "ఒంట్లో బాగాలేదేమో" అనుకుంటారు, హాస్టల్లో "బడికి పోయాడు" అనుకుంటారు. అందుకే ఈ పిల్లల అమ్మానాన్నల దగ్గర ఇద్దరి ఫోన్ నంబర్లూ ఉండాలి.

గురుకులం అలా కాదు. బడీ, పడకా, వంటా ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. అన్నిటికీ ప్రిన్సిపాలే పెద్ద. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాలను ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గురుకులాలు అంటున్నారు. వెనుకబడిన తరగతుల పిల్లలకు జ్యోతిబా ఫూలే పేరిట గురుకులాలున్నాయి, గిరిజన సంక్షేమ గురుకులాలు వేరే ఉన్నాయి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో పిల్లలు చేరేది ప్రధానంగా ఐదో తరగతిలో. అంటే తొమ్మిది, పదేళ్ళ వయసు. రాత్రి భయమేస్తే అమ్మ పక్కకు జరిగి పడుకునే వయసది. నవోదయలో చేరేది ఆరో తరగతిలో. అక్కడ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదువుతారు, పడక గదులు మాత్రం వేర్వేరు. ఇవి కాక ర్యాంకుల కోసం నడిచే ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలున్నాయి. వాటి లోకం వేరు.

గురుకులాల కథ మన దగ్గర 1971లో మొదలైంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి రెసిడెన్షియల్ స్కూలు పెట్టారు. పల్లెల్లోని తెలివైన పేదపిల్లల కోసమే దాన్ని తలపెట్టారు. ఆ మరుసటి ఏడే గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో అలాంటివే వచ్చాయి. సర్వేలు బడికి భూమి ఇచ్చింది ఆ ప్రాంతపు సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి. సర్కారు బడే అయినా ఊరివాళ్ళ చెయ్యి పడకుండా అది లేవలేదన్న సంగతి గుర్తుంచుకోవలసినదే. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యాయి. సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసిన ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరు దళిత, గిరిజన పిల్లల హాస్టళ్ళ చరిత్రతో ముడిపడి ఉంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఇద్దరూ ఈ గురుకులాల పిల్లలే.

మంచాల వరసలో ఒక ఊరు

పిల్లవాణ్ణి చేర్పించిన రోజున అమ్మానాన్నలు చూసేది తరగతి గదులను, వంటగదిని. వాడి అసలు జీవితం గడిచేది మాత్రం డార్మిటరీలో. వరసగా మంచాలు, మంచం కింద ట్రంకు పెట్టె, పెట్టెకు తాళం, తాళంచెవి మొలతాడుకు.

తెల్లవారకముందే బెల్లు. నిద్రమొహాలతో వ్యాయామం, కొళాయిల దగ్గర వరస, స్నానం, కాసేపు చదువు, టిఫిను, బడి. సాయంత్రం ఆటలు, మళ్ళీ స్టడీ అవరు, భోజనం, ఇంకాసేపు చదువు, లైట్లు ఆర్పడం. వేళలు ఒక్కో బడిలో ఒక్కో రకంగా ఉన్నా వరస మాత్రం ఇంచుమించు ఇదే.

ఈ బెల్లుల సందుల్లో ఇంకో బతుకు నడుస్తుంటుంది, దానికి టైంటేబుల్ ఉండదు. బకెట్టు ఎవరు ఎరువిస్తారు? పొద్దున లేవకపోతే ఎవరు తట్టి లేపుతారు? ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ ఎవరి కంచాల్లోకి పోతుంది? కబడ్డీ జట్టులో చివరిదాకా ఎవర్నీ పిలవకుండా మిగిలిపోయేదెవరు? పల్లెలో వేర్వేరు వీధుల్లో, వేర్వేరు కులాల్లో పెరిగిన పిల్లలు ఇక్కడ ఒకే బంతిలో కూర్చుని తింటారు. కొందరికి తమ వీధి బయటివాళ్ళతో కలిసి తినడం అదే మొదటిసారి. వసతి బడి నేర్పే పాఠాల్లో ఇది చాలా పెద్దది. ఏ పరీక్షలోనూ రాదు.

ఈ ఊరికీ పెద్దలుంటారు. తొమ్మిదో తరగతి అన్న చెప్పిన మాట చిన్నవాడికి వార్డెను మాటకన్నా బరువు. మంచి బడులు దీన్ని తెలిసే వాడుకుంటాయి. నవోదయల్లో పిల్లలను అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులుగా విడదీస్తారు. తరగతి ఒకే ఈడువాళ్ళను ఒకచోట కూర్చోబెడుతుంది, హౌసు చిన్నా పెద్దా అందర్నీ కలుపుతుంది. పెద్దవాడికి చిన్నవాడి మీద బాధ్యత పెట్టి, ఆ బాధ్యతను ఒక మాస్టారు గమనిస్తూ ఉంటే వాడు నిజంగానే అన్న అవుతాడు. గమనించేవాళ్ళు లేకపోతే అదే పెత్తనం చిన్నవాడితో బట్టలుతికిస్తుంది, వాడి మురుకుల డబ్బా లాక్కుంటుంది, ఒక్కోసారి చెయ్యి కూడా చేసుకుంటుంది. రెండూ పుట్టేది ఒకే మంచాల వరసలో.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూలు జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే వసతి బడి. అక్కడ పిల్లల ఇంటిని చూసుకునే పెద్దలను హౌస్ పేరెంట్లు అంటారు. ఫీజు కట్టి చదివే ఆ బడికీ, ఉచితంగా చదువు చెప్పే గురుకులానికీ పోలిక పెట్టలేం. అయినా ఆ పేరులో ఒక ఒప్పుకోలు ఉంది. ఇంటికి దూరంగా ఉన్న పిల్లవాడికి కాపలాదారుతో పని జరగదు, ఇంట్లో పెద్దమనిషిలాంటివాళ్ళు ఒకరు కావాలి. మీ పిల్లవాడి బడిలో అలాంటివాళ్ళెవరో వాడినే అడిగి చూడండి. ఒక్క పేరైనా టక్కున చెప్పాడంటే సగం దిగులు తీరినట్టే.

బెంగ రోగం కాదు

కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి నెలా నెలన్నర గడ్డుకాలం. పగలంతా బాగానే ఉంటాడు. లైట్లు ఆర్పాక దుప్పటి ముసుగులో ఏడుస్తాడు. కడుపునొప్పి అంటాడు, తలనొప్పి అంటాడు. అబద్ధమాడుతున్నాడని అనుకోకండి. బెంగ చాలామంది పిల్లల్లో ఒంటినొప్పిగానే బయటపడుతుంది.

మగపిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. "మగపిల్లోడివి, ఏడుస్తావేందిరా?" అనే మాట వాళ్ళకు ముందు ఇంట్లో వినిపిస్తుంది, తర్వాత డార్మిటరీలో వినిపిస్తుంది. ఏడుపు ఆపుకోవడం నేర్చుకున్నవాడు చెప్పుకోవడం మరిచిపోతాడు. దెబ్బ తగిలినా, ఎవరైనా ఏడిపించినా, ఒంటిమీద చెయ్యి వేసినా ఆ మాట బయటికి రాదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం మగపిల్లలకూ ఆడపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. ఆ సంగతి మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. "మగపిల్లాడికేమవుతుందిలే" అన్న ధీమాతోనే ఏమరుపాటు మొదలవుతుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ థర్బర్ ఇళ్ళకు దూరంగా ఉండే పిల్లల బెంగ మీద చాలాకాలం పనిచేశారు. ఆయన సలహాలు మన చెట్టుకింద ముచ్చట్లకూ పనికొస్తాయి. చేర్పించే ముందే పిల్లవాణ్ణి అమ్మమ్మ ఇంటికో మేనమామ ఇంటికో రెండు మూడు రోజులు ఒంటరిగా పంపి అలవాటు చేయాలి. ఏ బడిలో చేరాలో మాట్లాడుకునేటప్పుడు వాణ్ణీ కూర్చోబెట్టుకోవాలి. ఇంకోటి మరీ ముఖ్యం: "నచ్చకపోతే చెప్పు, వచ్చి తీసుకుపోతా" అని మాట ఇవ్వకూడదు. మనం ధైర్యం చెప్పామనుకుంటాం. వాడికి మాత్రం "నువ్వు ఉండలేవు" అన్నట్టు వినిపిస్తుంది. ఆ రోజు నుంచి బడిలో కుదురుకునే ప్రయత్నం మానేసి, తీసుకుపోయే రోజు కోసం లెక్కపెడుతుంటాడు. దానికి బదులు "మొదట్లో అందరికీ ఇట్టాగే ఉంటుంది. వచ్చే ఆదివారం వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం" అంటే సరిపోతుంది. వస్తానన్న ఆదివారం రావడం మాత్రం తప్పకూడదు. రాలేకపోతే ముందే కబురు చేయాలి.

అయితే బెంగనూ భయాన్నీ ఒకటిగా చూడకూడదు. బెంగ రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది. భయం చిక్కబడుతుంది. రెండు మూడు నెలలు బాగా ఉన్నవాడు ఉన్నట్టుండి పక్క తడపడం మొదలుపెట్టినా, ఫలానా మనిషి పేరెత్తగానే మాట మార్చినా, సెలవులు అయిపోతుంటే వణికిపోతున్నా అది బెంగ కాకపోవచ్చు. అప్పుడు వాణ్ణి తిట్టకుండా, వాడి ముందే గొడవకు దిగకుండా, చెప్పేదంతా ముందు వినాలి. తర్వాత ప్రిన్సిపాలును కలవాలి. అక్కడ వినకపోతే పిల్లల సహాయవాణి 1098 ఉంది.

గజ్జి చెప్పే నీతి

బడీ ఇల్లూ కలిసి పనిచేయడమంటే ఏమిటో చెప్పడానికి హాస్టలు పిల్లలందరికీ తెలిసిన జబ్బునే తీసుకుందాం. గజ్జి.

కంటికి సరిగ్గా ఆనని చిన్న పురుగు చర్మంలో బొరియ చేసుకుంటుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ దురద. రాత్రిపూట మరీ ఎక్కువ. పక్కపక్కన పడుకునేవాళ్ళకు, దుప్పట్లూ బట్టలూ మార్చుకునేవాళ్ళకు తేలిగ్గా అంటుకుంటుంది. మొదటిసారి అంటుకున్నవాడికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అంటే దసరా సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకు గోకకుండా హాయిగా ఉన్నా, వాడి పక్కన పడుకున్న తమ్ముడికి అంటించి పోవచ్చు.

ఇప్పుడు చూడండి. బడిలో డాక్టరు ఒక్కడికి మందు రాస్తే వాడికి నయమవుతుంది. వారం తిరక్కుండా పక్క మంచం వాడి నుంచి మళ్ళీ వస్తుంది. డార్మిటరీ మొత్తానికి మందు పూస్తే అందరికీ నయమవుతుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ్ముడి నుంచి మళ్ళీ అంటుకుంటుంది. పక్కపక్కన పడుకునేవాళ్ళందరూ దురద ఉన్నా లేకున్నా ఒకే రోజున మెడ నుంచి అరికాళ్ళ దాకా మందు పూసుకుని, డాక్టరు చెప్పిన గడువుకు రెండోసారీ పూసుకోవాలి. దుప్పట్లూ బట్టలూ వేడినీళ్ళలో ఉతికి ఎండకు ఆరేయాలి. బడిలోనూ ఇంట్లోనూ ఇది ఒకే సమయంలో జరిగితేనే గజ్జి వదులుతుంది.

హాస్టలు జబ్బని ఇల్లు అనుకుంటుంది, ఇంటి నుంచి తెచ్చుకున్నాడని హాస్టలు అనుకుంటుంది. పురుగుకు ఆ తగవుతో పనిలేదు. చదువులో వెనకబాటైనా, సెల్‌ఫోను పిచ్చైనా, దురుసు మాటైనా ఇంతే. ఒకచోట వైద్యం జరిగి రెండోచోట జరగకపోతే తిరిగి మొదటికే వస్తుంది.

చట్టం వేసిన కుర్చీ

అమ్మానాన్నలు బడికి చుట్టాల్లా వచ్చి పోతుంటారు. చట్టం మాత్రం వాళ్ళకు అక్కడ కుర్చీ వేసి ఉంచింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, ప్రభుత్వ సాయం అందని ప్రైవేటు బడులు తప్ప మిగతా బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అదే చట్టంలోని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "రెండు తగిలించండి సారూ, దారికొస్తాడు" అని మనమే చెప్పి వస్తుంటాం. అడగకూడనిది అడుగుతున్నామని తెలుసుకోవాలి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజున మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. 2025 జూలై 10న మళ్ళీ జరిగింది. ఏడాదికి ఒకటి రెండు పెద్ద సభలు మంచివే. కానీ సభలో అందరి ముందూ మాట్లాడటం పేదింటి తల్లికి తేలిక కాదు. వంటగది గోడ మీద రాసిన మెనూ పట్టిక చదివించుకుని, ఆ రోజు కంచంలోకి అదే వచ్చిందా అని చూడటం తేలిక. పడకల దగ్గరికి, మరుగుదొడ్ల దగ్గరికి వెళ్ళి కొళాయి తిప్పి చూడటం తేలిక. సబ్బు, నూనె, మంగలి ఖర్చులకని ప్రభుత్వం ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలు అందాయా అని కొడుకును అడగడం తేలిక. ఒక్కరే అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది. నలుగురు అమ్మలు కలిసి మర్యాదగా అడిగితే అది కమిటీ పనే అవుతుంది.

రాలేనివాళ్ళ సంగతి

ఇదంతా వినడానికి బాగుంది, ఆదివారం రావడానికి కుదరనివాళ్ళ మాటేమిటి? రొయ్యల గుంట కాపలాకు ఆదివారం ఉండదు. నిమ్మకాయకు ధర ఉన్న రోజుల్లో తోట యజమాని సెలవివ్వడు. గూడూరు జంక్షనులో చెన్నై వైపూ రేణిగుంట వైపూ రైళ్ళెక్కి పనికి పోయినవాళ్ళు నెలల తరబడి రారు. అలాంటి ఇళ్ళల్లో తాత వస్తే తాత, మేనమామ వస్తే మేనమామ. బడి వాళ్ళనూ ఇంటివాళ్ళుగానే చూసి, ఎవరెవరు రావచ్చో పేర్లు ముందే రాయించుకోవాలి. ఎవరూ రాని పిల్లవాడు ఆదివారం కిటికీ దగ్గర ఒంటరిగా మిగలకుండా, వచ్చిన కుటుంబాల్లో ఒకటి వాణ్ణీ తమ క్యారియరు దగ్గరికి పిలవాలి. దానికి ఏ జీవో అక్కర్లేదు.

ఈ ప్రాంతపు యానాది గిరిజనుల పిల్లల విషయంలో ఇంకో మాట చెప్పుకోవాలి. ఇంటినీ బడినీ విడదీస్తే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. కెనడాలో మూలవాసుల పిల్లలు లక్షన్నర మందికి పైగా వసతి బడుల్లో పెరిగారు. ఇంటి భాష, ఇంటి నడత మాన్పించడమే ఆ బడుల ఉద్దేశం. అక్కడ జరిగిన హింస మీద వేసిన కమిషను 2015లో తుది నివేదిక ఇచ్చింది. మన గురుకులాల ఉద్దేశం వేరు, వాటి వల్ల జరిగిన మేలూ కళ్ళముందే ఉంది. అయినా ఆ కథ నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. తన తల్లిదండ్రులకు ఏమీ తెలియదని బడి చెప్పగా నమ్మిన పిల్లవాడు చదువుకుంటాడు గానీ తలెత్తుకుని ఇంటికి పోలేడు.

యానాది తండ్రికి అక్షరాలు రాకపోవచ్చు. వాగులో ఏ కాలానికి ఏ చేప ఎక్కడుంటుందో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో, ఏ పాము విషపుదో ఆయనకు తెలుసు. ఒక శనివారం సైన్సు పీరియడు ఆయనకిచ్చి చూడండి. చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడే మనిషి తన కొడుకు ముందు మాస్టారవుతాడు. వెంకటగిరి వైపు నేత ఇంటి నుంచి వచ్చిన అమ్మ లెక్కల పీరియడులో పడుగూపేకా చెప్పొచ్చు. సంతకం పెట్టడానికీ, మందలింపు వినడానికీ మాత్రమే ఇంటివాళ్ళను పిలిచే బడికి వాళ్ళు రాకపోవడంలో వింత ఏముంది?

మళ్ళీ చెట్టు కిందికి

వచ్చే ఆదివారం "తిన్నావా?" అని అడగండి, అది మన ప్రేమ భాష. దాని వెంటనే ఇంకోటి అడగండి: "ఎవరి పక్కన కూర్చుని తిన్నావు నాయనా?"

దీనికి "ఊఁ" కుదరదు. పేరు చెప్పాలి. ఆ పేరుతో పాటు వాడి ఊరు వస్తుంది, నవ్వించిన సంగతి వస్తుంది, తగువు వస్తుంది. రెండు నెలలైనా ఒక్క పేరూ రాకపోతే, "ఎవరూ లేరు" అని తల దించుకుంటే, మార్కుల కాగితం ఎంత బాగున్నా ఆ రోజు మాస్టారును కలవకుండా బస్సెక్కకండి.

పేరు వచ్చిందంటే ఆ పిల్లవాణ్ణీ పిలవమనండి. క్యారియరులో చేపల పులుసు ఇద్దరికీ సరిపోతుంది.